పునాది మట్టి ఎన్ని టన్నులు, ఎన్ని ట్రిప్పులు?

40×30 సైటంతా 4 అడుగుల లోతు తవ్విస్తున్నారు, ఎర్రమట్టి. ఒక టిప్పర్ ఆయన 12 ట్రిప్పులన్నాడు, ఇంకొకాయన 18 అన్నాడు, ఎవరిది నమ్మాలి అని కదా మీ ప్రశ్న.

తవ్వాక మట్టి పొంగుతుంది, బరువు మాత్రం మారదు. అందుకే టన్నులు గుంత కొలతల మీద కట్టాలి, బండిలో పట్టే లెక్క పొంగిన మట్టి మీద కట్టాలి. ఈ రెండూ కలిపేస్తేనే తేడాలొస్తాయి.

మీ గుంత 4,800 సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు. 35.3తో భాగిస్తే 136 క్యూబిక్ మీటర్లు (ఇకపై మట్టి లెక్కలో మీటరంటే క్యూబిక్ మీటరే). కదపని ఎర్రమట్టి మీటరుకు 1.7 టన్నులు వేసుకోండి, 231 టన్నులు. పొంగు 25 శాతం వేస్తే వదులు మట్టి 170 మీటర్లు. నల్లరేగడి అయితే పొంగు 30 నుంచి 40 శాతం, ఇసుక నేలలో 10–15 చాలు.

పది టైర్ల టిప్పర్ తొట్టిలో 14 మీటర్లు పడితే 12 ట్రిప్పులే. కానీ అలా నింపితే లోడు 19 టన్నులవుతుంది. మొత్తం 28 టన్నుల పరిమితిలో ఖాళీ బండి బరువే దాదాపు 11 పోతే మిగిలేది 17. అంటే 14 ట్రిప్పులు. మొదటాయన ఓవర్‌లోడ్ లెక్క చెప్పాడన్నమాట. పట్టుబడితే జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. జేసీబీ ముందు బకెట్‌కు సుమారు టన్నున్నర వస్తుంది, పదకొండో బకెట్ దగ్గర ఆపమనండి.

ఇంకో చిక్కుంది. జేసీబీ గీత మీద ఆగదు. నాలుగు వైపులా అడుగు చొప్పున ఎక్కువ కోస్తే 42×32, అంటే 12 శాతం అదనం. కాబట్టి 15–16 ట్రిప్పులకు సిద్ధపడండి. 18 అన్నాయన సగం సగం లోడ్లు వేయకుండా చూసుకోండి.

1.7 మీ మట్టికి సరిపోతుందో లేదో తేల్చడం తేలిక. అడుగు పొడవు, వెడల్పు, లోతున చిన్న గుంత తవ్వి, వచ్చిన మట్టినంతా పొల్లు పోకుండా తూకం వేయండి. గుంతలో పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, లీటరు సీసాతో కొలుస్తూ అంచు దాకా నీళ్లు పోయండి. 48 కిలోల మట్టి, 28 లీటర్ల నీళ్లు వస్తే 48÷28, అంటే 1.71. అదే మీటరుకు టన్నులు. గుంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు, కవరు మాత్రం గోడలకు అతుక్కోవాలి. కింద పొర మారితే అక్కడ ఇంకోసారి చూడండి. మొరం తగిలితే 1.9 దాటొచ్చు.

వాన పడ్డాక పాత లెక్క చెల్లదు. తేమ ఒక్క శాతం పెరిగితే మీటరుకు పదిహేను కిలోల పైనే. తడి నల్లరేగడి తొట్టికి అంటుకుని వెనక్కి వచ్చేస్తుంది కూడా. అందుకే కాటా వేయించేటప్పుడు ఖాళీ బరువు దింపాకే తీయించండి. పొద్దున తీసిన ఖాళీ చీటీ ఒప్పుకుంటే బండి నుంచి దిగని మట్టికి డబ్బు కడతారు.

ట్రాక్టరయితే ట్రాలీ లోపలి కొలతలు మీరే టేపు పెట్టి చూడండి. నిజంగా 100 సీఎఫ్‌టీ ఉంటే ఈ మట్టికి 60 ట్రిప్పులు, ఒక్కోటి 3.85 టన్నులు.

పాత గోడ ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు ఉంటే వేరే కుప్ప పెట్టించండి. శుభ్రమైన మట్టి గుంతలు పూడ్చుకునేవాళ్లు తీసుకెళ్తారు. కలిసిపోతే మొత్తం డెబ్రిస్ (కట్టడాల వ్యర్థాలు) కిందే పోతుంది, హైదరాబాద్‌లో అయితే జీడిమెట్ల, ఫతుల్లాగూడ లాంటి చోట్ల ఉన్న డెబ్రిస్ ప్లాంట్ల దారి పట్టాల్సిందే.