బ్రహ్మకుమారీలు హిందువులేనా? మా మేనత్తను చూశాక నా సమాధానం

"మా అమ్మ బ్రహ్మకుమారీల ఏడు రోజుల కోర్సు చేసొచ్చాక ఇంట్లో దీపం పెట్టడం మానేసింది. అసలు వాళ్లది హిందూమతమేనా?" అని అడిగారు. నన్నడిగితే కాదు. అయితే అందరూ చెప్పే కారణం వేరు, నాది వేరు.

మా మేనత్త చాలా ఏళ్లుగా అందులో ఉంది. తెల్లచీర, తెల్లవారుజామున నాలుగింటికి ధ్యానం, తర్వాత సెంటర్‌లో మురళి, అంటే బాబా అని వాళ్లు పిలిచే శివుడి మాటలుగా చదివే పాఠం, వినడం. ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఇంతవరకూ మా ఇళ్లలో వింతేమీ కాదు. అసలు సంగతి తాతయ్య తద్దినం నాడు బయటపడింది.

తద్దినం వంటలో ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ పడవు. నానమ్మ మడి కట్టుకుని దగ్గరుండి చేయించింది. గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి అన్నీ ఉన్నాయి. భోక్తలు లేచి వెళ్లాక ఇంటివాళ్లకి విస్తళ్లు వేశారు. అత్తయ్య మాత్రం సంచిలోంచి స్టీలు క్యారేజీ తీసింది. "బాబా స్మృతిలో వండింది కాదు కదమ్మా, నేను తినను" అంది. నానమ్మ గరిటె కింద పెట్టేసి, "నీ బాబా కంటే ముందు ఆ పోయినాయనే కదే నీకు అన్నం పెట్టింది!" అంది. అత్తయ్య ఏడ్చింది గానీ తినలేదు. మా నాన్న చెల్లెల్ని ఏమీ అనలేక కోపమంతా పురోహితుడి మీద చూపించాడు. ఆయన మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటూ సగం మంత్రాలు మింగేశాడని. అందులో అబద్ధం లేదు లెండి. ఒకే పూట నాలుగిళ్లు ఒప్పుకుని, సంభావన దగ్గర మాత్రం తొందరపడని వాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు.

ఆయన మింగకుండా చెప్పినవాటిలో సంకల్పం ఒకటి. "కలియుగే ప్రథమపాదే" అన్నాడు. పురాణాల లెక్కన కలియుగం ఒక్కటే 4,32,000 ఏళ్లు, మనమింకా మొదటి పాదంలో ఉన్నాం. అదే గదిలో గోడకానుకుని కూర్చున్న అత్తయ్య లెక్కలో నాలుగు యుగాలూ కలిపి 5,000 ఏళ్లే, ఒక్కొక్కటి 1,250. కలియుగం చివరికొచ్చేసింది. శివుడు, శంకరుడు వేర్వేరు. శివుడు జ్యోతిర్బిందువు. గీత చెప్పింది కృష్ణుడు కాదు, ఆ శివుడే. మనిషి ఆత్మ మళ్లీ మనిషిగానే పుడుతుంది. దేవుడు అంతటా ఉండడు, పరంధామంలో ఉంటాడు. ప్రహ్లాదుడి కథ వింటూ పెరిగినవాళ్లకి ఈ చివరిది అసలు మింగుడుపడదు.

"చూశారా, ఇందుకే హిందువులు కారు" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనొప్పుకోను. ఆదిశంకరుల మాటను తర్వాత వచ్చిన మధ్వాచార్యులు ఖండించినంత గట్టిగా వీళ్లెవరూ ఎవర్నీ ఖండించలేదు. అయినా ఇద్దరూ మనవాళ్లే. ఏం నమ్ముతావని మన ఊళ్లలో ఎవరూ అడగరు. పెళ్లికొచ్చావా, చావుకొచ్చావా, పంక్తిలో కూర్చున్నావా, అంతే చూస్తారు. అత్తయ్య బయటికెళ్లింది ఆ విస్తరి దగ్గర.

మొదట్నుంచీ వాళ్ల తగువు ఇళ్లతోనే. సంస్థ పుట్టింది 1930లలో, హైదరాబాదులో. మా బాబాయి చాలాకాలం మన హైదరాబాదే అనుకుని మురిసిపోయాడు. అది సింధ్‌లోది, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లేఖరాజ్ కృపలానీ అనే వజ్రాల వ్యాపారి ఓం మండలి పెట్టి, ఆడవాళ్లు బ్రహ్మచర్యం పాటించొచ్చన్నాడు. వాళ్ల భర్తలు, బంధువులు గుమ్మం ముందు పికెటింగ్‌కి దిగారు. ఆయన సంస్థను ఆడవాళ్ల చేతుల్లోనే పెట్టాడు, 1950లో అందరూ మౌంట్ ఆబూ చేరారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు, ఆ గౌరవం నాకుంది. తమది "ఆది సనాతన దేవీ దేవతా ధర్మం" అని వాళ్లే చెప్పుకుంటారు కూడా.

వీళ్లూ హిందువులేనని కోర్టు తీర్పులు చూపించే వాళ్లుంటారు. గుజరాత్‌లోని స్వామినారాయణ సంప్రదాయం వాళ్లు (సత్సంగులు) తాము హిందువులం కామన్నారు. హరిజనుల ఆలయప్రవేశ చట్టం తమ గుళ్లకు వర్తించకూడదని వాళ్ల బాధ. సుప్రీంకోర్టు 1966లో మీరూ హిందువులే పొమ్మంది. రామకృష్ణ మిషన్ కూడా తమది వేరే మతమంది. కాలేజీల మీద పెత్తనం పోతుందన్న భయంతో. 1995లో వాళ్లకీ అదే జవాబు. కోర్టు దాకా వెళ్లేసరికి దేవుడి సంగతి ఎవరికీ గుర్తుండదు, గేటు తాళం ఎవరి దగ్గరుండాలన్నదే గొడవ.

మా అత్తయ్య ఇప్పటికీ శివరాత్రికి సెంటర్ మీద జెండా ఎగరేస్తుంది, రాఖీకి మా నాన్నకి కట్టడానికొస్తుంది. క్యారేజీ కూడా వస్తుంది. నానమ్మ ఇప్పుడేమీ అనడం లేదు, ఒక పొయ్యి ఖాళీగా ఉంచుతుంది. మీరు కూడా మీ అమ్మగారితో వాదించకండి. దీపం ఆవిడ పెట్టకపోతే మీరు పెట్టండి, అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంది కదా.