ఫ్లట్టర్ వదలక్కర్లేదు, ముందు రెండు ఫోన్లూ వాడి చూడండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఫ్లట్టర్‌తో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేసే గూగుల్ టూల్‌కిట్) ఖర్చుల లెక్కలు రాసుకునే యాప్ చేశాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో "ఇది ఆండ్రాయిడ్‌లో ఎలా నడుస్తుంది, ఐఫోన్‌లో ఎలా నడుస్తుంది?" అని అడిగారు. "రెండింట్లో ఒకేలా" అన్నాను. తర్వాత ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు ఫ్లట్టర్ పక్కనపెట్టి ఆండ్రాయిడ్ కోసం కోట్లిన్, ఐఫోన్ కోసం స్విఫ్ట్ భాషలు రెండూ నేర్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. మీరు తడబడింది భాష దగ్గర కాదు. అసలు మీ యాప్‌ను ఐఫోన్‌లో నడిపి చూశారా? ఐఓఎస్ (ఐఫోన్ సిస్టమ్) యాప్ బిల్డ్ చేయాలంటే ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. మీ దగ్గర మ్యాక్ లేకపోతే "ఒకేలా" అన్నది ఊహే. "ఐఫోన్‌లో ఇంకా పరీక్షించలేదు, కానీ ఫలానా చోట తేడా వస్తుందనుకుంటున్నాను" అని ఉంటే సంభాషణ ముందుకు సాగేది.

ఆ ఫలానా చోట్లలో మొదటిది వెనక్కి వెళ్లడం. ఆండ్రాయిడ్‌లో బ్యాక్ అనేది సిస్టమ్‌దే. కీబోర్డు తెరిచి ఉంటే దాన్ని మూస్తుంది, డైలాగ్ ఉంటే దాన్ని తీసేస్తుంది, మొదటి స్క్రీన్‌లో ఉంటే యాప్ నుంచి బయటికి తీసుకెళ్తుంది. ఆండ్రాయిడ్ 10 (2019)లో వచ్చిన జెస్చర్లతో అయితే స్క్రీన్‌కు ఎడమ, కుడి అంచుల్లో దేన్నుంచైనా వేలు లోపలికి జరపొచ్చు. ఐఫోన్‌లో అలాంటి సిస్టమ్ బటన్ లేదు. పైన ఎడమ మూల యాప్ పెట్టిన బాణం గుర్తు, లేదంటే ఎడమ అంచు నుంచి స్వైప్.

దీన్ని మీ యాప్‌కే అన్వయించి చూడండి. యూజర్ ఖర్చు సగం నింపి వెనక్కి వెళ్లబోతే "సేవ్ చేయలేదు, వెళ్లిపోవాలా?" అని అడగాలి. ఫ్లట్టర్‌లో పాప్‌స్కోప్ అనే విడ్జెట్ (స్క్రీన్‌ను కట్టే భాగం) పెట్టి వెనక్కి వెళ్లడాన్ని ఆపుతారు. ఆండ్రాయిడ్‌లో బ్యాక్ నొక్కగానే మీ ప్రశ్న కనిపిస్తుంది. ఐఫోన్‌లో స్వైప్ చేస్తే ఏమీ జరగదు, ప్రశ్న కూడా రాదు. యాప్ ఇరుక్కుపోయిందని యూజర్ అనుకుంటాడు. కోడ్ ఒకటే, అనుభవం వేరు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ వివరంగా చెప్పగలిగితే చాలా వరకు పని అయిపోతుంది.

ఇక అనుమతులు. ఐఓఎస్‌లో నోటిఫికేషన్ల అనుమతి అడిగే పెట్టెను సిస్టమ్ ఒక్కసారే చూపిస్తుంది. వద్దన్నాక మార్చాలంటే యూజరే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో 2022లో వచ్చిన 13వ వెర్షన్ దాకా నోటిఫికేషన్లకు ఈ అనుమతి అడిగే పనే లేదు. అందుకే యాప్ తెరవగానే అడిగేయడం నాకు నచ్చదు. బిల్లు గడువు రిమైండర్ పెట్టుకునేటప్పుడు అడిగితే ఎందుకో యూజర్‌కు అర్థమవుతుంది.

తేదీ ఎంచుకునే క్యాలెండర్, బటన్ల సైజు (ఆపిల్ సూచన కనీసం 44 పాయింట్లు, గూగుల్ డిజైన్ పద్ధతి మెటీరియల్ సూచన 48 డీపీ; రెండూ స్క్రీన్ కొలతలే) లాంటివి మాన్యువల్ చదివితే వచ్చేస్తాయి. వాటిమీద వారాలు పెట్టకండి.

ఇప్పుడు చేయాల్సింది: కొన్నాళ్లు స్నేహితుల ఐఫోన్ అడిగి తీసుకోండి. మీరు రోజూ ఆండ్రాయిడ్‌లో వాడే యాప్‌నే అందులో తెరిచి, ఒకే పనిని రెండు ఫోన్లలో చేయండి. ఎక్కడ వేలు ఆగిందో రాసుకోండి. తర్వాత మీ ఆండ్రాయిడ్ ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" (యాప్ వదిలి వెళ్లగానే దాని స్క్రీన్‌ను సిస్టమ్ తీసేసేలా చేసే సెట్టింగ్) ఆన్ చేసి, ఖర్చు సగం నింపి హోమ్‌కు వెళ్లి తిరిగి రండి. రాసింది పోయిందా? పోతే అదే సరిచేయాల్సిన మొదటి పని. సరిచేశాక పోర్ట్‌ఫోలియోలో ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా మారింది, ఎందుకు మార్చారు అన్నది ఒక్క పేజీలో పెట్టండి.

కోట్లిన్ కాస్త నేర్చుకుంటే మంచిదే, ఆండ్రాయిడ్ వైపు ఏదైనా విరిగితే అర్థం చేసుకునేంత. స్విఫ్ట్ సంగతి మ్యాక్ చేతికొచ్చాక చూద్దాం.