అబ్బాయి మీద లైంగిక దాడి కేసు: అమ్మాయి వాళ్లింటికి పెద్దమనుషుల్ని పంపవచ్చా?

ప్రశ్న: మాది కడప జిల్లా. నేను రిటైరైన స్కూల్ టీచర్ని. మా అబ్బాయికి 26 ఏళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లి దగ్గర స్నేహితులతో ఫ్లాట్‌లో ఉంటాడు. నెల కిందట ఆఫీసు పార్టీ అయ్యాక ఒక అమ్మాయి వీళ్ల ఫ్లాట్‌కి వచ్చిందట. తాను వద్దంటున్నా బలవంతం చేశాడని ఇప్పుడు పోలీసులకూ ఆఫీసులోనూ ఫిర్యాదు ఇచ్చింది. స్టేషన్ నుంచి ఫోన్ రాగానే వీడు రాత్రి బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. ఇద్దరి ఇష్టంతోనే జరిగిందంటున్నాడు. వాళ్లది నెల్లూరు వైపు, మా బావమరిది ఇంటి వివరాలు కూడా కనుక్కున్నాడు. పెద్దమనుషుల్ని తీసుకెళ్లి మాట్లాడదామా? కావాలంటే పెళ్లి చేసేద్దామని మా ఆవిడ అంటోంది. అంతవరకు వాణ్ని ప్రొద్దుటూరులో బంధువుల ఇంట్లో ఉంచి, ఫోన్ మార్చేయమంటారా? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మాస్టారూ, ఆ అమ్మాయి ఇంటికి ఎవరూ వెళ్లొద్దు. మీరు, మీ బావమరిది, పెద్దమనుషులు, వాళ్లకు తెలిసినవాళ్లు, ఎవ్వరూ. మీరు అడిగిన వాటిలో ముందు దీనికే జవాబు చెబుతున్నాను, ఎందుకంటే మీరిది చదివేలోపే వాళ్లు కారెక్కేస్తారేమోనని నా భయం.

మీరు నెమ్మదిగానే మాట్లాడతారు, నాకు తెలుసు. కానీ ముగ్గురు నలుగురు మగవాళ్లు కారు దిగి, ఫిర్యాదు ఇచ్చిన పిల్ల ఇంటి గుమ్మంలో నిలబడితే వాళ్లకు అది మర్యాదలా కనిపించదు, బెదిరింపులాగే కనిపిస్తుంది. మర్నాడు స్టేషన్‌లో దాని మీద ఇంకో కాగితం పడుతుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పమని ఎవరినైనా బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 232 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, అది మీ అబ్బాయికి కాదు, వెళ్లినవాళ్లకి. బెయిల్ పిటిషన్ వేసిన రోజున ప్రాసిక్యూటర్ మొదట చెప్పే మాట కూడా అదే, సాక్షుల్ని ప్రభావితం చేస్తున్నారని. ఇక రాజీ అంటారా, అత్యాచారం కేసులో రాజీ అనేది చట్టంలోనే లేదు. డబ్బిచ్చినా, ఆ అమ్మాయే ఒప్పుకున్నా కేసు దానంతట అది పోదు. 2015లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ఇలాంటి నేరాల్లో రాజీ ఆలోచనే రాకూడదని సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

పెళ్లి మాట ఎత్తినందుకు మీ ఆవిడ మీద నాకు కోపం లేదు, మన వైపు ఊళ్లలో తరతరాలుగా ఇదే మందు వేశారు కాబట్టి ఆవిడకు అదే తోచింది. కానీ ఆ పిల్ల చెప్పేది నిజమైతే, తన మీద దాడి చేసినవాడితో కాపురం చేయమని అడుగుతున్నట్టు కదా. మీ వాడు చెప్పేది నిజమైతే, చేయని తప్పును మీరే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. ఎటు చూసినా నష్టమే. 2021 మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులకే చెప్పింది, ఇలాంటి కేసుల్లో పెళ్లి గురించీ రాజీ గురించీ సూచనలు కూడా చేయొద్దని. అంతకుముందు మధ్యప్రదేశ్‌లో నిందితుడికి ఆమె చేత రాఖీ కట్టించుకోమని బెయిల్ షరతు పెట్టారు, దాన్ని కొట్టేస్తూ చెప్పిన మాట అది.

ఇప్పుడు ప్రొద్దుటూరు సంగతి. ఇంటికొచ్చిన కొడుక్కి అన్నం పెడితే నేరం కాదు. కానీ కేసు ఉందని తెలిసి, శిక్ష తప్పించాలనే ఉద్దేశంతో దాచిపెడితే అది సెక్షన్ 249 కింద నేరం. దాంట్లో మినహాయింపు భార్యాభర్తలకే ఉంది, తల్లిదండ్రులకు లేదు, మేనమామలకు అసలే లేదు. చట్టం ఇంత నిర్దయగా ఎందుకుందని చాలామంది అడుగుతారు, నాకూ అనిపిస్తుంది, కానీ ఉన్నది అదే. పైగా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన రాత్రే బస్సెక్కాడంటే కాగితం మీద 'పరారీలో ఉన్నాడు' అనే రాస్తారు. ఎంత త్వరగా వెనక్కి వస్తే అంత మంచిది, కాకపోతే లాయర్‌ని పెట్టుకుని రావాలి.

ఫోన్ ముట్టుకోవద్దు. ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయొద్దు, రీసెట్ చేయొద్దు, 'పోయింది' అని చెప్పొద్దు. అవతలి ఫోన్‌లో ఆ మెసేజ్‌లు ఎలాగూ ఉంటాయి, ఇవతల చెరిపేసింది ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చాలాసార్లు బయటపడుతుంది, సాక్ష్యం మాయం చేయడం 238 కింద వేరే నేరం. అసలు విషయం ఇంకోటుంది. మీ వాడు చెప్పేదే నిజమైతే అతన్ని కాపాడేది కూడా ఆ ఫోనే. ముందు, తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారు, క్యాబ్ ఎవరు బుక్ చేశారు, ఏ టైముకి ఎవరు ఎవరికి యూపీఐలో డబ్బు పంపారు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విజిటర్ ఎంట్రీ, ఇవన్నీ కావాలి. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకు దానంతట అదే చెరిగిపోతుంది, ఇప్పటికే నెలైంది. దాన్ని భద్రపరచమని లాయర్ ద్వారా ఇవాళే రాతపూర్వకంగా అడగాలి. వాచ్‌మన్‌కి డబ్బులిచ్చి కాపీ తెచ్చుకోవడం మాత్రం వద్దు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. అబ్బాయిని కూర్చోబెట్టి 'నిజం చెప్పరా, ఆ రాత్రి ఏం జరిగింది' అని అడగొద్దు. లాయర్‌కి చెప్పిన మాటకు చట్టంలో రక్షణ ఉంది. భార్యాభర్తల మధ్య మాటలకూ ఉంది. అమ్మానాన్నలకు చెప్పిన మాటకు లేదు. రేపు పోలీసులు మిమ్మల్ని సాక్షిగా పిలిచి 'మీ అబ్బాయి మీతో ఏమన్నాడు' అని అడగొచ్చు, అప్పుడు మీరు అబద్ధమైనా చెప్పాలి, కొడుకుకి వ్యతిరేకంగా నిజమైనా చెప్పాలి. తండ్రిని ఆ స్థితిలో పెట్టకుండా ఉండాలంటే అడక్కపోవడమే దారి. ఫోన్‌లో అసలు వద్దు. నేను చూసిన ఒక కేసులో తల్లి ఏడుస్తూ 'ఎందుకిలా చేశావురా నాన్నా' అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమె అన్నది వాడు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చినందుకు. చార్జిషీట్‌లో మాత్రం అది వేరేగా వినిపించింది.

ఇక కేసు. ముందు ఏ సెక్షన్ పెట్టారో చూడాలి. ఇలాంటి కేసుల ఎఫ్ఐఆర్‌ని పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టరు, 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలోనే ఆ మినహాయింపు ఉంది, కాబట్టి లాయర్ ద్వారా కాపీ తీసుకోవాలి. కన్నడలో ఉంటుంది, అక్షరాలు కూడబలుక్కుని మీరు చదివేస్తారు గానీ అర్థాలు మనవి అనుకుని మోసపోవద్దు. సెక్షన్ 74 అంటే మహిళ గౌరవానికి భంగం కలిగేలా చేసిన దాడి, ఏడాది నుంచి ఐదేళ్లు. ఏడేళ్ల లోపు శిక్షలున్న నేరాల్లో మామూలుగా ముందు నోటీసిచ్చి పిలుస్తారు, వెళ్తే చాలావరకు అరెస్టు ఉండదు. 64 అంటే అత్యాచారం, కనీసం పదేళ్లు, జీవితఖైదు దాకా. దాంట్లో నోటీసు ఇస్తారని ఆశ పెట్టుకోకూడదు, వెంటనే బెంగళూరు సెషన్స్ కోర్టులో నాగరిక సురక్షా సంహిత (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 482 కింద ముందస్తు బెయిల్ వేయాలి. ఆమె మేజర్ కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. దారిలోనే పట్టుకుంటారేమోనని భయమైతే, బయటి రాష్ట్రంలో ఎఫ్ఐఆర్ ఉన్నా ఇక్కడి కోర్టు కొద్దిరోజుల రక్షణ ఇవ్వొచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, మీ జిల్లా సెషన్స్ కోర్టులో అడగొచ్చు. బెయిల్ రాక జైల్లో ఉంటే, 64 కింద 90 రోజుల్లోపు చార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. అరెస్టు అయితే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. వైద్య పరీక్షకు ఒప్పుకోనని మొండికేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, చట్టం ప్రకారం చేయించవచ్చు.

'ఇష్టంతోనే జరిగింది' అన్నాడన్నారు. అయితే అయి ఉండొచ్చు. కానీ ఇష్టం అంటే చట్టంలో అర్థం ఏమిటో మీకూ తెలియాలి. మాటతోనో సైగతోనో స్పష్టంగా ఒప్పుకోవడం. గింజుకోలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు, ఆ మాట 63వ సెక్షన్‌లోనే రాసి ఉంది. మత్తులో ఏం జరుగుతోందో తెలియని స్థితిలో 'ఊ' అన్నా అది ఒప్పుకోలు కాదు. ఫ్లాట్‌కి తనే వచ్చింది కదా అంటారేమో, ఫ్లాట్‌కి రావడం ఫ్లాట్‌కి రావడమే. నెల ఆగి ఎందుకిచ్చిందన్న ప్రశ్న కూడా కోర్టులో మీరనుకున్నంత పనిచేయదు, ఆలస్యానికి నమ్మదగ్గ కారణం చెబితే జడ్జి వింటారు. ఆమె ఒక్కతి సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే దాని మీదే శిక్ష వేయవచ్చు కూడా. మీ వైపు పిల్లలెవరైనా ఆమె ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు పోగేసే పనిలో ఉంటే ఆపించండి. ఇంతకుముందు ఆమె ఎవరితో ఎలా ఉందన్నది ఒప్పుకోలు తేల్చడానికి పనికిరాదని సాక్ష్య చట్టమే అంటోంది.

ఆఫీసు విచారణ వేరే దారి. అంతర్గత కమిటీ 90 రోజుల్లో ముగించాలి, అక్కడ లాయర్‌ని వెంట తీసుకెళ్లనివ్వరు. కానీ అబ్బాయి అక్కడ రాసిచ్చే జవాబు రేపు క్రిమినల్ కోర్టులో అతనికి ఎదురు తిరగొచ్చు, కాబట్టి లాయర్‌కి చూపించాకే ఇవ్వాలి. భయపడి రాజీనామా పంపించేయొద్దు.

బంధువులకు ఏం చెప్పాలి? 'ఒక కేసు ఉంది, కోర్టులో నడుస్తోంది', అంతే. ఆ అమ్మాయి పేరు, ఊరు, ఆఫీసు, ఏదీ మీ నోటినుంచి రాకూడదు, ఫ్యామిలీ గ్రూపుల్లో అసలు రాకూడదు, సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా ఉంది. మీ బావమరిది ఆ వివరాలు ఇప్పటికే ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే ఇక ముందుకు పంపకుండా ఆపమనండి. మీ అమ్మాయి సంబంధాల సంగతికి నా దగ్గర మందు లేదు మాస్టారూ. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పండి, తర్వాత బయటపడితే ఆ పిల్ల కాపురానికే ఇబ్బంది.

ఇంకొకటి. కోర్టు చుట్టుపక్కల 'కేసు ఎత్తించేస్తాం, ఎస్సై మనవాడే' అని చెప్పేవాళ్లు తగులుతారు, తెలుగులో పలకరిస్తారు కూడా. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. రాత్రిళ్లు అబ్బాయిని ఒంటరిగా వదలొద్దు, తిండి నిద్ర మానేస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలిమానస్ లైన్ అది, తెలుగులో మాట్లాడతారు. అతను తప్పు చేశాడో లేదో తేల్చాల్సిన పని మీది కాదు. చేసి ఉంటే కూడా మీ కొడుకే, అంతమాత్రాన ఆ అమ్మాయి అబద్ధమాడుతోందని మీరు నలుగురిలో అనక్కర్లేదు.

రేపు రాత్రి బస్సుకే ఇద్దరూ బయల్దేరండి. ఫోన్ ఉన్నది ఉన్నట్టుగా, ఆఫీసు నుంచి వచ్చిన మెయిళ్లు, ఫ్లాట్ అగ్రిమెంటు పట్టుకురండి. క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని ముందే ఫోన్‌లో మాట్లాడుకోండి. లాయర్ ఆఫీసుకి వెళ్లాక మాత్రం అబ్బాయిని ఒక్కణ్నే లోపలికి పంపి, మీరు బయట బెంచీ మీద కూర్చోండి.