ఒక్క కార్డు కాదు, ఒకేలాంటి ఇరవై కార్డులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది సీఈసీ చదువుతోంది. చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తుంది. స్టాంపు వేసి, దాని మీద పౌడర్ చల్లి, వేడిగాలితో కరిగించి అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చేలా చేస్తుంది. పూలూ ఆకులూ కత్తెరతో కత్తిరించి అతికిస్తుంది. తెలిసినవాళ్లు డబ్బిచ్చి కొంటున్నారు. ఇప్పుడు కాగితాన్ని అచ్చు ఆకారంలో కోసే డై కటింగ్ మిషను కొనివ్వమంటోంది, డిగ్రీ వద్దు, ఇదే చేస్తానంటోంది. వాళ్ల నాన్నకు ఇష్టం లేదు. ఇందులో భవిష్యత్తు ఉందా?
– ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మిషను కొనాలా అన్నది ఒకటి, చదువు మానాలా అన్నది ఇంకొకటి. రెండోదానికి జవాబు ముందే చెబుతాను: మానాల్సిన పని లేదు. అలాగని కార్డుల పని కూడా ఆపించకండి. గ్రీటింగ్ కార్డులు మాత్రమే అమ్మి ఏడాది పొడవునా బతకడం మన దగ్గర కష్టం. శుభాకాంక్షలు చాలావరకు ఫోన్లోనే వెళ్లిపోతున్నాయి, ఆర్డర్లు పెళ్లిళ్ల సీజన్లో, డిసెంబరు, జనవరి నెలల్లో గుంపుగా వచ్చి తర్వాత ఆగిపోతాయి. కానీ అమ్మాయి బల్ల మీద చేస్తున్న పనులే పెళ్లి పత్రికల ప్రెస్సుల్లో, అట్టపెట్టెల ఫ్యాక్టరీల్లో పెద్ద మిషన్ల మీద రోజూ జరుగుతాయి. అక్కడ జీతాలున్నాయి, అందుకు చదువులూ ఉన్నాయి.

మిషను సంగతి తేల్చే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఇప్పుడున్న సామానుతోనే, ఒకే డిజైన్‌లో ఇరవై కార్డులు చేయమనండి. ఒక్క కార్డును ముద్దుగా చేయడం చాలామందికి వస్తుంది. డబ్బిచ్చి యాభై కార్డులు చెప్పినవాళ్లకు మాత్రం మొదటిదీ యాభయ్యోదీ ఒకేలా ఉండాలి. ఈ పనిలో ఆమెకు ఓపిక ఎంత ఉందో, చెయ్యి ఎంత కుదురో ఇరవై కార్డుల్లో తెలిసిపోతుంది.

కాగితంతో మొదలుపెట్టాలి. అడుగున ఉండే మడత కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న ఎ4 షీట్లు పది చాలు. ఒక్కో షీటును అడ్డంగా సగానికి కోస్తే 148.5 × 210 మిల్లీమీటర్ల ముక్కలు రెండు వస్తాయి. వాటిని 105 దగ్గర మడిస్తే ఎ6 కార్డు, అది సీ6 కవరులో సరిగ్గా పడుతుంది. మడత దగ్గర కాగితం పగిలి పోగులు లేస్తే, మడత కాగితంలో పోగులు సాగే దిశకు, అంటే గ్రెయిన్‌కు అడ్డంగా పడిందని అర్థం. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఎటు తేలికగా వంగితే గ్రెయిన్ ఆ మడత వెంబడి ఉన్నట్టు. మడిచే ముందు మడతలు నొక్కే మొద్దు అంచు పనిముట్టు బోన్ ఫోల్డర్‌తో గానీ సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గానీ స్కేలు ఆనించి గాడి గీయాలి. మడిచాక గాడి బయటికి, ఉబ్బు లోపలికి రావాలి. చాలామంది దీన్ని తిరగేసి మడిచి, కార్డు నోరు తెరుచుకుంటోందని కాగితాన్ని తప్పుపడతారు.

పైన అతికించే ప్యానెల్ చుట్టూ 3 మిల్లీమీటర్ల అంచు వదిలితే 99 × 142 కొలత వస్తుంది. ఒక ఎ4 షీటులో ఇవి నాలుగు పడతాయి గానీ, మూడే వరసగా కోస్తే 68 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి మిగులుతుంది. శుభాకాంక్షల అక్షరాలకు ఆ పట్టీనే వాడుకోవచ్చు. ఇలా కోస్తే ఇరవై ప్యానెళ్లకు ఏడు షీట్లు. ఈ లెక్క అమ్మాయి తనే వేసుకుని కాగితం కొంటే సంతోషించండి, ప్రెస్సులో ఎస్టిమేట్ వేసేవాళ్లు చేసే పని ఇదే.

స్టాంపింగ్‌లో తేడాలు వచ్చేది ఒత్తిడిలో. పారదర్శకంగా ఉండే కొత్త పాలిమర్ స్టాంపు మీద సన్నటి జిడ్డు పొర ఉంటుంది, దానివల్ల సిరా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో ఒకసారి మెల్లగా రుద్దితే సరిపోతుంది. బల్ల గట్టిగా ఉంటే కాగితం కింద పలుచటి ఫోమ్ షీటు పెట్టాలి. అచ్చు ఒకచోట పడి ఒకచోట పడకపోతే, స్టాంపును అంటించి పట్టుకునే అక్రిలిక్ బ్లాకుతో అదే చోట రెండోసారి వేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఇరవై కార్డుల పనికి మూతకు స్టాంపు అంటుకుని ఉండే స్టాంప్ పొజిషనర్ కావాలి. డై మిషను కంటే ముందు నేను కొనమనేది ఇదే.

ఇక ఉబ్బెత్తు పని. ఎక్కువ కార్డులు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పౌడర్ తడి సిరాకు అంటుకోవాలి. మామూలు డై ఇంకు (ఇది రంగు సిరా, కోసే డై కాదు) పౌడర్ చల్లేలోపే ఆరిపోతుంది. అందుకే వెర్సామార్క్ లాంటి జిగురు సిరా, లేదా ఆలస్యంగా ఆరే పిగ్మెంట్ సిరా వాడతారు. స్టాంపు వేసే ముందు కాగితాన్ని యాంటీ స్టాటిక్ పౌడర్ మూటతో తుడవాలి. పలుచటి మల్లు గుడ్డలో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేసి మూట కట్టినా అదే పని చేస్తుంది. ఈ పని మరిచిపోతే చేతి చెమట ఉన్నచోట, గాలిలో తేమ పట్టినచోట పౌడర్ చుక్కలు అంటుకుని, కరిగాక కార్డంతా మొటిమలు లేచినట్టు కనిపిస్తుంది. వానాకాలంలో ఈ బాధ మరీ ఎక్కువ. కాగితాన్ని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. పౌడర్ చల్లాక షీటును వంచి, వెనక నుంచి వేలితో రెండుసార్లు తట్టి మిగిలిన పౌడర్ దులపాలి. అప్పటికీ ఉన్న చుక్కల్ని సన్నటి పొడి కుంచెతో తీయాలి. కరిగాక తీయలేరు.

హీట్ గన్ ఆన్ చేయగానే కాగితం మీదికి తిప్పకూడదు. పదిహేను, ఇరవై సెకన్లు గాలిలోకి పట్టుకుని బాగా వేడెక్కాక, 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఒక మూల నుంచి మొదలుపెట్టాలి. ఇసుకలా ఉన్న పౌడర్ తడి మెరుపుతో ఒక్కసారిగా సాఫీ అవుతుంది. ఆ క్షణమే పక్కకు జరపాలి. తక్కువ వేడిచేస్తే గరుకుగా ఉండి గోరు తగిలితే రాలుతుంది. ఎక్కువ వేడిచేస్తే కరిగినది కాగితంలోకి ఇంకి అక్షరం చప్పబడుతుంది, చుట్టూ నూనె మరకలాంటి నీడ వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి చాలదు, పైగా గాలి పౌడర్‌ను ఎగరగొడుతుంది. గోడ రంగులు ఒలిచే పెద్ద హీట్ గన్ కాగితాన్ని మాడ్చేస్తుంది. కార్డును వేళ్లతో పట్టుకోకుండా కర్ర క్లిప్పుతో పట్టుకోమనండి. కింద కటింగ్ మ్యాట్ ఉండకూడదు, వేడికి వంకర పోతుంది. పాత గచ్చు పలక ఒకటి చాలు. కిటికీ తెరిచి ఉంచాలి.

ఇరవై పూర్తయ్యాక వరసగా పేర్చి చూడండి. అక్షరాల పట్టీ ఒక్కో కార్డులో ఒక్కోచోట ఉందా? అంచులు సమంగా ఉన్నాయా? మొదటిసారి పన్నెండు అమ్మదగ్గవిగా వస్తే అది మంచి ఫలితమే. పాడైన వాటి వెనక ఏం పాడైందో, ఎందుకో పెన్సిల్‌తో రాయించి దాచండి. ఇరవై పూర్తిచేయకుండా ఎనిమిదో కార్డు దగ్గర కొత్త డిజైన్ మీదికి మనసు పోతే అదీ మంచి సమాచారమే. ఆ అమ్మాయికి డిజైన్ మీద ఆసక్తి ఉంది, ఉత్పత్తి మీద లేదు. కింద చెప్పే చదువుల్లో ఏది నప్పుతుందో దాన్నిబట్టి తేలుతుంది.

మిషను కొనదలిస్తే చేత్తో హ్యాండిల్ తిప్పేది, ఆరు అంగుళాల వెడల్పు కాగితం పట్టేది చాలు. సిజిక్స్ బిగ్ షాట్ ఈ తరహాదే. కంప్యూటరుతో నడిచే క్రికట్, సిల్హౌట్ లాంటివి ఇప్పుడే వద్దు. సొంత ఆకారాలు గీయడం వచ్చాకే వాటికి ప్రయోజనం. చేతి మిషనులో కింద ప్లేటు, దాని మీద కాగితం, కోసే అంచు కాగితం వైపు ఉండేలా డై (ఆకారం కోసే లోహపు అచ్చు), పైన ఇంకో ప్లేటు పెట్టి రోలర్ల మధ్య నుంచి పంపుతారు. నగిషీ డై అక్కడక్కడా కోయకపోతే ప్లేటు కింద ఒక జిరాక్స్ కాగితం అదనంగా పెట్టి మళ్లీ పంపాలి. కాగితం డైలో ఇరుక్కుంటే రెంటి మధ్య బటర్ పేపర్ ముక్క పెడితే సులువుగా ఊడి వస్తుంది. ప్లేట్లు ఒకవైపే వాడుతుంటే విల్లులా వంగుతాయి, తరచూ తిరగేయాలి. హ్యాండిల్ బిగుసుకుంటే బలవంతంగా తిప్పనివ్వకండి. ప్లేట్లు, డై, కాగితం కలిపిన మందం ఎక్కువైందని దాని అర్థం, బలవంతం చేస్తే మిషనే పాడవుతుంది. డైలు కూడా మొదట రెండే కొనండి: పెద్దవి చిన్నవి ఇమిడే దీర్ఘచతురస్రాల సెట్టు ఒకటి, పువ్వో ఆకో ఒకటి. డైల మోజులో పడి మిషను ఖరీదును మించి ఖర్చుపెట్టేవాళ్లు చాలామంది.

వాళ్ల నాన్నగారిని ఒప్పించాలంటే లెక్క చూపించాలి. ఉదాహరణకు ఒక కార్డుకు అడుగు కాగితం ₹6, ప్యానెల్, పూలు ₹5, సిరా, పౌడర్ ₹4, కవరు ₹5, జిగురు, ఫోమ్ టేపు ₹5 అనుకుందాం. మొత్తం ₹25. పాడయ్యేవాటికి పది శాతం కలిపితే ₹27.50. నలభై నిమిషాల పనికి గంటకు ₹90 చొప్పున ₹60. ₹12,000 మిషను రెండు వేల కార్డులకు పనికొస్తుందనుకుంటే కార్డుకు ₹6. అన్నీ కలిపి ₹93.50. గిఫ్టు షాపు ముప్పై శాతం కమీషన్ తీసుకుంటే, ₹134 కంటే తక్కువకు అమ్మిన ప్రతి కార్డూ నష్టమే. స్నేహితులకు ₹50కి అమ్ముతుంటే ఆమె తన కూలి వదులుకుంటోందన్నమాట. ఇందులో మీ ఊరి ధరలు వేసి అమ్మాయితోనే లెక్క కట్టించండి. సమయం నలభై నుంచి ఇరవై అయిదు నిమిషాలకు దిగితే కార్డుకు ₹22.50 మిగులుతుంది. కాగితంలో ఎంత పొదుపు చేసినా అంత రాదు. దీనికోసం అప్పు మాత్రం చేయకండి.

అమ్మకానికి పెట్టే ముందు ఇంకో విషయం చూడాలి. స్టాంపు మీది బొమ్మకు కాపీరైట్ ఉంటుంది. దాంతో చేసిన కార్డులు అమ్ముకోవచ్చో లేదో కంపెనీలు ఏంజెల్ పాలసీ పేరుతో చెబుతాయి. చేత్తో స్టాంపు వేసినవి అమ్ముకోనిస్తాయి గానీ ఆ బొమ్మను స్కాన్ చేసి ప్రింట్లు తీయడానికి సాధారణంగా ఒప్పుకోవు. కొన్ని సంఖ్యకు పరిమితి పెడతాయి, కొన్ని కార్డు వెనక తమ పేరు రాయమంటాయి. ఈ చిక్కు లేకుండా, పోటీ కూడా తక్కువగా ఉండే దారి తెలుగు అక్షరాలు. దుకాణాల్లో దొరికే స్టాంపు సెట్లు దాదాపు అన్నీ ఇంగ్లిషువే. అమ్మాయి తన చేతిరాతతో ‘పెళ్లిరోజు శుభాకాంక్షలు’, ‘నూరేళ్లు చల్లగా ఉండు’ లాంటివి నల్ల సిరాతో రాసి ఇస్తే రబ్బరు స్టాంపుల దుకాణంలో చేసిస్తారు. సిరా లోపలే నింపి ఉండేది వద్దని, అక్షరం పైకి తేలిన పాలిమర్ ముక్క కావాలని స్పష్టంగా చెప్పాలి. తెలుగులో వచ్చే ఇబ్బంది ఒత్తులతో, గుండ్రాలతో. అక్షరం చిన్నదైతే ‘ళ్ల’, ‘క్ష’ లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి, పౌడర్ కరిగి ఉబ్బాక ఇంకా మూసుకుపోతాయి. ఒత్తులు కాక అక్షరమే 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా రాయాలి, అతి సన్నటి డీటైల్ పౌడరే వాడాలి.

ఇప్పుడు చదువు. పెళ్లి పత్రికల మీద చేతికి తగిలే మెరుపు అక్షరాల్లో కొన్ని థర్మోగ్రఫీ పని. తడి సిరా మీద రెసిన్ పౌడర్ చల్లి, మిగిలింది పీల్చేసి, హీటరు కింద బెల్టు మీద పంపుతారు. మీ అమ్మాయి హీట్ గన్‌తో చేసేది అదే. డై కటింగ్‌ను ప్రెస్సులో పంచింగ్ అంటారు. ప్లైవుడ్‌లో లేజరుతో గీత కోసి, అందులో 23.8 మిల్లీమీటర్ల ఎత్తున్న స్టీల్ రూల్ (పదునైన ఉక్కు పట్టీ) దిగ్గొట్టి, మడతలు రావాల్సిన చోట అంతకంటే పొట్టి క్రీజింగ్ రూల్ వేస్తారు. మందుల డబ్బా నుంచి మిఠాయి పెట్టె దాకా దీనితోనే తయారవుతాయి. ఆ గీతలు కంప్యూటర్లో గీసేవాళ్లూ, డై చేసేవాళ్లూ, పెట్టె నిర్మాణం డిజైన్ చేసేవాళ్లూ అన్ని పెద్ద ప్యాకేజింగ్ సంస్థలకూ కావాలి.

ఉత్పత్తి వైపు మొగ్గితే సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా ఉంది. పాలిసెట్ రాయాలి, అది పదో తరగతి అర్హతతో రాసే పరీక్ష. ఇంటర్ తర్వాత మళ్లీ మూడేళ్ల డిప్లొమానా అని మీకు అనిపించవచ్చు, కానీ ఫినిషింగ్ (ముద్రణ తర్వాతి కోత, మడత, మెరుగు పని) మీద నిజంగా ఇష్టముంటే ఆ మూడేళ్లు వృథా కావు. డిజైన్ వైపు మొగ్గితే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, నాలుగేళ్లు. విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుంది, అందులో డ్రాయింగ్ ముఖ్యం. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ బీడిజైన్ ఉంది, దానికి ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. వీటికి సీఈసీ అడ్డు కాదు. ఇవేవీ కుదరకపోతే మీ ఊళ్లోనే బీకామ్ చేస్తూ కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు, అను ఫాంట్లతో తెలుగు కంపోజింగ్ నేర్చుకోమనండి. ఖాతాలూ లెక్కలూ తెలిసిన డిజైనరుకు సొంత వ్యాపారంలో అది పెద్ద బలం.

ఇంటర్ పరీక్షలయ్యాక ఒక నెల ఆమెను పెళ్లి పత్రికల ప్రెస్సులో ఫినిషింగ్ విభాగం చూసేలా ఏర్పాటు చేయండి. వరంగల్‌లో పరిచయం ఉంటే సరే, లేకపోతే హైదరాబాద్ ఛత్తా బజార్‌కు తీసుకెళ్లండి, అక్కడ శుభలేఖల దుకాణాలు వరసగా ఉంటాయి. తను చేసిన కార్డులు పట్టుకెళ్లి చూపిస్తే పనివాళ్లు మనసు విప్పి మాట్లాడతారు. కాగితం లెక్క, రంగుల సరిపోలిక, క్రీజింగ్, చివరి లెక్కింపు దగ్గర నిలబడి నేర్చుకోవచ్చు. పంచింగ్ మిషను దగ్గర మాత్రం చూడటమే గానీ షీటు పెట్టడానికి చెయ్యి చాచకూడదు. దాని నోరు మూసుకునేటప్పుడు వేళ్లు నలిగే ప్రమాదం ఉంది, అది అనుభవమున్న ఆపరేటరు పని. ఈ మాట ప్రెస్సు యజమానికి మీరే ముందుగా చెప్పి పంపండి.