గేర్‌బాక్సు రిపేరుకు రూ.1,35,000 అంటున్నారు, ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మాది విజయవాడ. 2017లో కొన్న ఆటోమేటిక్ పెట్రోలు కారు, సీవీటీ (విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే) గేర్‌బాక్సు, ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు వణుకుతోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతోంది గాని బండి లాగడం లేదు. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్సు మొత్తం మార్చాలని రూ.1,35,000 అంచనా ఇచ్చారు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ రూ.45,000కు బాగుచేస్తానని, బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తానని అంటున్నాడు. ఇప్పుడున్నట్టు అమ్మితే రూ.2.2 లక్షలు, బాగుంటే రూ.3.5 లక్షలు వస్తాయని ఒక డీలరు చెప్పాడు. మా బావగారు దీన్ని వదిలించుకుని కొత్తది తీసుకోమంటున్నారు. అత్యవసర నిధి రూ.1.8 లక్షలు ఉంది, నెల ఖర్చు రూ.42,000. ఎవరిని నమ్మాలి, లోను తీసుకోవాలా?

జవాబు: మీ ఉత్తరంలో అంకెలు చాలా ఉన్నాయి గాని, గేర్‌బాక్సులో పాడైనదేమిటో ఎక్కడా లేదు. షోరూమ్ వారు మార్చాలన్నారు, ఆటోనగర్ మెకానిక్ బాగుచేస్తానన్నాడు, జబ్బు పేరు మాత్రం ఇద్దరూ చెప్పలేదు. కాబట్టి వారిలో ఎవరు నమ్మదగినవారో తేల్చే ముందు, పరీక్షకు విడిగా డబ్బిచ్చి, దాని ఫలితాన్ని కాగితం మీద తీసుకోండి. చెకింగ్ ఉచితమని చెప్పేచోట ఆ శ్రమ ఖరీదును తర్వాతి రిపేరులోంచే రాబట్టుకోవాలి కనుక, చిన్న లోపానికీ పెద్ద పని చెప్పాలన్న ఆశ ఉంటుంది. చూసినందుకే కూలి పుచ్చుకున్నవాడికి ఆ తొందర తక్కువ.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ల క్రితం నా కారు ఇలాగే కుదుపులు ఇస్తుంటే ఒక షెడ్డులో గేర్‌బాక్సు దించాలన్నారు, నేనూ మారు మాట్లాడకుండా అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. మర్నాడు అనుమానం వచ్చి మరొకరికి చూపిస్తే, చిరిగిపోయింది ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు అని తేలింది. అడ్వాన్సులో సగం మాత్రమే తిరిగి వచ్చింది.

పరీక్షలో మీరు అడగవలసినవి రెండే. మొదటిది స్కానర్ పెట్టి తీసిన ఫాల్ట్ కోడ్‌ల (కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల గుర్తుల) ప్రింటు. అందులో పీ0700 ఒక్కటే కనిపిస్తే, గేర్‌బాక్సు కంప్యూటర్ ఏదో ఒక లోపాన్ని నమోదు చేసిందని మాత్రమే దాని అర్థం; అసలు లోపాన్ని చెప్పే కోడ్ ఆ కంప్యూటర్‌లో వేరుగా ఉంటుంది. ఆ ఒక్క కోడ్ చూపించి గేర్‌బాక్సు పోయిందని చెప్పేచోట మీరు కారు వదలవద్దు.

రెండోది ఆయిల్. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు బిగుసుకుని తిరుగుతుంది, ఆ పట్టు జారకుండా ఉండటం ఆయిల్ మీద కూడా ఆధారపడుతుంది. అందుకే తయారీదారు చెప్పిన సీవీటీ ఆయిల్ తప్ప మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ పోయకూడదు. ఈ 86,000 కిలోమీటర్లలో దాన్ని ఎన్నిసార్లు మార్చారో మీ పాత సర్వీస్ బిల్లులు తీసి చూడండి. ఒక్కసారీ మార్చకపోతే నాకేమీ ఆశ్చర్యం ఉండదు. తర్వాత మీరు దగ్గరుండి గేర్‌బాక్సు అడుగు పాన్ (ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పించండి. అందులో చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటికి అంటుకున్నది వేలితో తీసి రుద్దితే బూడిదరంగు ముద్దలా మెత్తగా ఉంటే, అది అన్నేళ్ల వాడకంలో వచ్చే మామూలు అరుగుదల. అప్పుడు ఆయిల్, ఫిల్టరు మార్చి, స్కానర్‌తో కాలిబ్రేషన్ (గేర్‌బాక్సు కంప్యూటర్ సెట్టింగులు సరిచేయడం) చేయించి చూడటం న్యాయం, అది వేలలో తేలిపోయే పని. అలా కాక వేలికి గుచ్చుకునేలా మెరిసే లోహపు పలుకులు కనిపిస్తే బెల్టో పుల్లీయో దెబ్బతిన్నట్టు, కొత్త ఆయిల్ దాన్ని బాగుచేయదు. పాన్ ఫోటో తీసి పెట్టుకోండి, రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు మీ మాటకన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఇక ఆటోనగర్ మెకానిక్ సంగతి. మీ ఊళ్లో ఆటోనగర్ ఉండటం మీకు లాభమే, అక్కడ గేర్‌బాక్సు పనితో తలపండిన చేతులు ఉన్నాయి. అయితే లారీ గేర్‌బాక్సు కళ్లు మూసుకుని విప్పగలిగినవాడికి సీవీటీ తెలిసి ఉండాలని లేదు. ఈ ఏడాది ఎన్ని సీవీటీలు విప్పారని అడగండి, ఆ యజమానుల్లో ఒకరిద్దరితో ఫోన్‌లో మాట్లాడించమనండి. రూ.45,000కు బాగుచేయడమంటే ఉన్నదాన్ని విప్పి భాగాలు మార్చడమా, వేరే కారులోంచి తీసిన గేర్‌బాక్సు బిగించడమా అన్నది ముందే తేల్చుకోండి. రెండోదైతే ఆ గేర్‌బాక్సు ఏ కారుది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆ కారు ఎందుకు విప్పారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో మీ ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో మీరు చూసే ఉంటారు. నీళ్లు చేరిన గేర్‌బాక్సు పైకి కడిగితే కొత్తదానిలాగే కనిపిస్తుంది.

బిల్లు లేకుండా తగ్గిస్తానన్న మాటకు మీరు లొంగవద్దు. రూ.45,000 మీద 18 శాతం జీఎస్టీ అంటే రూ.8,100. ఆ మొత్తం మిగుల్చుకోవడానికి గ్యారంటీకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని వదులుకున్నట్టవుతుంది. ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటని సేవల వ్యాపారికి మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక, నంబరు లేనంత మాత్రాన అతన్ని మోసగాడనుకోనక్కరలేదు. కాని అలాంటివాడు జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయకూడదు, మామూలు బిల్లు మాత్రం ఇవ్వాలి. నంబరు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో అది 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే పేరు కనిపిస్తుంది. షోరూమ్ అంచనానూ ఒకసారి చూడండి: కారు విడిభాగాలపై పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అంచనాలో పాత రేటు వేసి ఉంటే సరిచేయించండి.

పని ఎవరికి అప్పగించినా జాబ్‌కార్డులో (కారు తీసుకునేటప్పుడు వారు రాసే పని కాగితంలో) కిలోమీటర్ల రీడింగు, చేసే పని, మించకూడని మొత్తం, గ్యారంటీ ఎన్ని నెలలో, మళ్లీ దించవలసివస్తే కూలి ఎవరిదో రాయించుకోండి. విప్పిన పాత భాగాలు మీకు చూపించాలని కూడా రాయించండి. ఆ కాగితం చేతిలో ఉంటే, మాట తప్పినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రూ.5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, మామూలు పాలసీ అరుగుదల వల్ల వచ్చే యాంత్రిక లోపాలకు వర్తించదు.

మీ బావగారి సలహాను లెక్కతో చూద్దాం. కొత్త కారుకు రూ.7 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.14,500 కట్టాలి, మొత్తం వడ్డీయే రూ.1.7 లక్షలు దాటుతుంది. అంటే షోరూమ్ చెప్పిన కొత్త గేర్‌బాక్సు కన్నా ఆ వడ్డీయే ఎక్కువ. అలాగని రూ.1,35,000 పెట్టి బాగుచేయించి అమ్మడమూ తెలివి కాదు, ఎందుకంటే కారు ధర పెరిగేది రూ.1.3 లక్షలే. అంత ఖర్చు పెడితే కనీసం ఐదేళ్లు మీరే నడపాలి, అప్పుడది నెలకు రూ.2,250 పడుతుంది.

లోను అక్కరలేదు, క్రెడిట్ కార్డు అసలే వద్దు. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ పడటం మామూలే. రిపేరు రూ.45,000 లోపు తేలితే అత్యవసర నిధి నుంచే ఇవ్వండి. రూ.1,35,000 మిగులుతుంది, అది మీకు మూడు నెలల ఖర్చుకు పైమాటే. నెలకు రూ.7,500 చొప్పున ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్ వేస్తే తీసిన మొత్తం తిరిగి చేరుతుంది. పాన్‌లో లోహపు పలుకులు కనిపించి, రెండో మెకానిక్కూ మొత్తం మార్చాలంటే, అంత ఖర్చుకు ఈ నిధి ముట్టవద్దు: అది పెడితే మీ చేతిలో మిగిలేది ఒక నెల ఖర్చు మాత్రమే. అప్పుడు లోపం దాచకుండా చెప్పి ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర ధర అడిగి అమ్మేయండి, వచ్చిన రూ.2.2 లక్షల లోపలే మాన్యువల్ గేర్ల పాత కారు చూసుకోండి.