మౌస్ పక్కన పెడితే మీ మెనూ తెరుచుకుంటుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాకు ఏటికొప్పాక లక్కబొమ్మల దుకాణం ఉంది. మా తమ్ముడి కొడుకు వర్డ్‌ప్రెస్ అనే సైట్ల తయారీ సాఫ్ట్‌వేరులో, కోడు రాయకుండా పేజీలు అమర్చే ఒక పేజీ బిల్డర్ సాయంతో వెబ్‌సైటు తయారుచేసి పెట్టాడు. మొన్న గాజువాక నుంచి చూపు లేని ఒక కస్టమరు ఫోన్ చేసి, "మెనూలో 'బొమ్మలు' దాకా వస్తున్నానండీ, దాని కింద ఉన్న రకాలు మాత్రం నాకు వినిపించడం లేదు" అన్నారు. మాకేమో అన్నీ చక్కగానే కనిపిస్తున్నాయి. లోపం మా సైటులో ఉందా, ఆయన కంప్యూటరులో ఉందా?

జవాబు: లోపం మీ సైటులోనే ఉంది. ఆయన 'బొమ్మలు' దాకా రాగలిగారు కనుక మెనూ మొత్తం చెడిపోలేదు, దాని కింద దాగిన జాబితా మాత్రం ఆయనకు తెరుచుకోలేదు. మౌస్ బాణాన్ని తెర మీద సరైన చోట నిలపాలంటే చూపు కావాలి కాబట్టి చూపు లేనివారు దాని జోలికి పోరు. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తారు. వెళ్లిన చోటల్లా ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్ దాని పేరేమిటో, అది లింకో బటనో, తెరిచి ఉందో మూసి ఉందో చదివి వినిపిస్తుంది. పేజీ బిల్డర్లలో రెడీమేడ్‌గా దొరికే మెనూలలో చాలావాటికి మౌస్ బాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే ఉపమెనూ తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. మిగతా సమయంలో ఆ జాబితా పూర్తిగా దాచి ఉంటుంది, దాచిన లింకులను ట్యాబ్ మీట దాటేసి పోతుంది. అందుకే మీ కస్టమరుకు 'బొమ్మలు' తరువాత నేరుగా 'మా గురించి' వినిపించి ఉంటుంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. కంప్యూటరులో మీ సైటు తెరిచి, మౌస్‌ను పక్కన పెట్టి, ట్యాబ్ మీట ఒక్కొక్కసారే నొక్కుతూ వెళ్లండి. వెనక్కి రావాలంటే షిఫ్ట్‌తో కలిపి నొక్కాలి. మొదటి నొక్కుకే 'నేరుగా విషయానికి వెళ్లండి' అనే అర్థం వచ్చే లింకు ఒకటి పైన కనిపించాలి. అది లేకపోతే ప్రతి పేజీలోనూ మెనూ మొత్తాన్ని దాటుకుంటూ రావలసి వస్తుంది. తరువాత మీరు ఏ అంశం మీద ఉన్నారో దాని చుట్టూ ఒక గీత స్పష్టంగా కనబడాలి. డిజైను అందం కోసం ఈ గీతను తుడిచేసే థీములు (సైటు రూపాన్ని నిర్ణయించే రెడీమేడ్ అమరికలు) కొల్లలు. చూపు ఉండి చేతులు సరిగా స్వాధీనంలో లేనివారికి ఆ గీత ఒక్కటే ఆధారం, అది లేకపోతే తాము ఎక్కడున్నారో వారికి తెలియదు.

'బొమ్మలు' దగ్గరికి రాగానే ఎంటర్ నొక్కండి. అప్పుడు ఉపమెనూ తెరుచుకోవాలి, లేదా 'బొమ్మలు' అనే పేజీకి వెళ్లాలి. రెండూ జరగకుండా పేజీ ఉన్నచోటే ఉండిపోయినా, ఎగిరి పైకి వెళ్లినా, మీ తమ్ముడి కొడుకు ఆ అంశానికి అసలు చిరునామా ఇవ్వకుండా హ్యాష్ గుర్తు ఒక్కటే పెట్టి వదిలేశాడని అర్థం. ఉపమెనూకు శీర్షికగా ఉంటే చాలనుకునేవారు ఇలా చేయడం మామూలే. కానీ స్క్రీన్ రీడర్ దాన్ని 'బొమ్మలు, లింకు' అనే చదువుతుంది. లింకు అని విని నొక్కిన మనిషికి ఏమీ జరగకపోతే సైటు పాడైందనుకుంటాడు.

కోడు జోలికి పోకుండా నేడే చేయదగిన మరమ్మతు ఒకటుంది, నా ఓటు ముందు దానికే. 'బొమ్మలు' పేరుతో నిజంగా ఒక పేజీ తయారుచేసి, అందులో రాజారాణి బొమ్మలు, ఎడ్లబండ్లు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, ఇలా మీ దగ్గరున్న రకాలన్నింటికీ మామూలు లింకులు ఇవ్వండి. మెనూలోని 'బొమ్మలు'కు ఆ పేజీ చిరునామా పెట్టండి. అప్పుడు ఉపమెనూ ఎవరికి తెరుచుకున్నా తెరుచుకోకపోయినా సరుకు అందరికీ అందుతుంది. ఆ తరువాత తీరికగా మెనూ విడ్జెట్‌ను, అంటే బిల్డర్‌లో మెనూ చూపించే భాగాన్ని, మార్చండి. ఒకవేళ మీరు వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న నావిగేషన్ బ్లాక్ వాడదలిస్తే, దాని సెట్టింగులలో ఉపమెనూ క్లిక్‌తో తెరుచుకోవాలనే ఐచ్ఛికం ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే 'బొమ్మలు' నిజమైన బటన్ అవుతుంది, మూసి ఉందో తెరిచి ఉందో స్క్రీన్ రీడర్‌కు తెలుస్తుంది. అయితే అప్పుడు ఆ మాట మీద నొక్కితే పేజీకి వెళ్లదు కనుక, 'అన్ని బొమ్మలు' అనే అంశాన్ని ఉపమెనూలో మొదటిదిగా చేర్చండి.

ఫోనులో కూడా చూడండి. మూడు గీతల గుర్తు నొక్కితే పక్క నుంచి జారి వచ్చే మెనూ మూసి ఉన్నప్పుడు, కొన్ని బిల్డర్లు దాన్ని తెర అంచు అవతలికి నెట్టి ఊరుకుంటాయి. కంటికి కనబడదు కానీ లింకులన్నీ అక్కడే ఉంటాయి, స్క్రీన్ రీడర్ వాటిలోకి వెళ్లిపోయి అన్నింటినీ చదువుతుంది. తెరిచినప్పుడు దీనికి తలకిందులైన తప్పు జరుగుతుంది: మెనూ పేజీని కప్పేసి ఉంటుంది, ఫోకస్ (ప్రస్తుతం మీరు ఏ అంశం మీద ఉన్నారో ఆ స్థానం) మాత్రం వెనకాల కప్పబడిన పేజీలో తిరుగుతుంటుంది. కీబోర్డుతో వాడేటప్పుడు ఎస్కేప్ మీటతో మెనూ మూసుకుని, ఫోకస్ తిరిగి ఆ మూడు గీతల బటన్ మీదికే రావడం మంచి పద్ధతి.

ప్రశ్న: మధురవాడలో ఉంటూ చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. ఉపమెనూలు స్క్రీన్ రీడర్‌కు అందాలంటే కోడులో 'మెనూ', 'మెనూ ఐటమ్' అనే ఏరియా (ARIA) రోల్స్, అంటే పేజీలో ఏది ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తులు, చేర్చాలని ఒక సీనియరు చెప్పారు. చేర్చాను. ఆ తరువాత ఒక క్లయింటు, మునుపటికన్నా ఇప్పుడే కష్టంగా ఉందన్నారు. నేను ఎక్కడ పొరబడ్డాను?

జవాబు: మీ క్లయింటు సరిగ్గానే చెప్పారు. ఆ రోల్ పేరు చూసి చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ అది వెబ్‌సైటు మెనూ కోసం పుట్టినది కాదు. వర్డ్ ప్రాసెసర్ వంటి అప్లికేషన్లలో 'ఫైల్', 'ఎడిట్' అంటూ పైన కనిపించే ఆదేశాల మెనూ కోసం దాన్ని నిర్వచించారు. మీరు ఆ రోల్ పెట్టగానే స్క్రీన్ రీడర్ వాడే మనిషికి ఒక మాట ఇచ్చినట్టే: ఇక్కడ పైకి, కిందికి, పక్కకు వెళ్లే మీటలతో తిరగవచ్చు, హోమ్ మీటతో మొదటికి, ఎండ్ మీటతో చివరికి పోవచ్చు అని. స్క్రీన్ రీడర్ కూడా తన మామూలు చదివే పద్ధతిని ఆపి, ఆ మీటలను నేరుగా మీ పేజీకే పంపడం మొదలుపెడుతుంది. వాటిని అందుకునే స్క్రిప్టు మీరు రాయలేదు కాబట్టి ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. అంతకుముందు కనీసం ట్యాబ్‌తోనైనా ఎలాగో వెళ్లిన మనిషి ఇప్పుడు మధ్యలో చిక్కుకుపోయాడు.

ఆ రోల్స్ తీసేయండి. వెబ్‌సైటు మెనూకు కావలసింది నావ్ అనే ట్యాగు (పేజీ కోడులో ఒక భాగం ఏమిటో చెప్పే గుర్తు), దాని లోపల మామూలు జాబితా, జాబితాలో లింకులు. ఉపమెనూ ఉన్నచోట లింకు పక్కన ఒక నిజమైన బటన్. ఆ బటన్ మీద ఏరియా-ఎక్స్‌పాండెడ్ అనే గుణం, మూసి ఉన్నప్పుడు ఫాల్స్‌గానూ తెరిచినప్పుడు ట్రూగానూ మారుతుండాలి. ఈ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం తన మార్గదర్శక నమూనాలలో సైటు మెనూకు ఇదే పద్ధతిని డిస్‌క్లోజర్ పేరుతో చూపించింది. పాఠకుడు ఉన్న పేజీ లింకుకు ఏరియా-కరెంట్ అనే గుణం చేరిస్తే, రంగు మార్చి మీరు కంటికి చూపించే సంగతి చెవికి కూడా అందుతుంది. పైన ఒక మెనూ, అడుగున ఒక మెనూ ఉంటే రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. లేకపోతే రెండుసార్లూ 'నావిగేషన్' అన్న ఒకే మాట వినిపిస్తుంది.

పేజీ బిల్డర్లతో ఉన్న చిక్కు ఏమిటంటే, బటన్ లాగా కనిపించేదంతా బటన్ కాదు. గుర్తు మీద క్లిక్ పెట్టిన, ఖాళీ పెట్టె లాంటి ఉత్త డివ్ ట్యాగు మౌస్‌కు బటన్ లాగానే పనిచేస్తుంది కానీ ట్యాబ్ మీట దాని మీద ఆగదు. నిజమైన బటన్ ట్యాగు అయితే ట్యాబ్‌తో చేరడం, ఎంటర్‌తోనూ స్పేస్ మీటతోనూ పనిచేయడం బ్రౌజరే చూసుకుంటుంది, మీరు ఒక్క వరుస కూడా రాయనక్కరలేదు. కనుక కొత్త బిల్డర్‌ను గానీ మెనూ ప్లగిన్‌ను (సైటుకు అదనంగా తగిలించే సాఫ్ట్‌వేరును) గానీ ఎంచుకునే ముందు దాని డెమో పేజీ తెరిచి, ఆ గుర్తు మీద కుడి క్లిక్ చేసి, ఇన్‌స్పెక్ట్‌లో ఏ ట్యాగు ఉందో చూడండి. ప్రకటనలో యాక్సెసిబుల్ (దివ్యాంగులకూ అందుబాటు) అని రాసుకున్నదానికన్నా అక్కడ కనిపించేదే నమ్మదగినది.

కొలతల సంగతి కూడా అడిగేవారున్నారు కాబట్టి చెబుతాను. 2023 అక్టోబరులో వెలువడిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.2 ప్రకారం, నొక్కవలసిన చోటు కనీసం 24కి 24 సి.ఎస్.ఎస్. పిక్సెళ్లు (వెబ్ డిజైనులో వాడే కొలత) ఉండాలి, కొన్ని మినహాయింపులున్నా మెనూ పక్కన పెట్టే బుల్లి బాణం గుర్తుకు వాటిని వెతుక్కోకండి. పేజీని ఎంత జరిపినా పైనే అతుక్కుని ఉండే మెనూ పట్టీ, ఫోకస్‌లో ఉన్న అంశాన్ని పూర్తిగా కప్పేయకూడదని కూడా అందులో చేర్చారు. మౌస్ బాణంతో తెరుచుకునే ఉపమెనూల గురించి అంతకుముందే, 2018లో వచ్చిన 2.1లోనే చెప్పారు: బాణాన్ని తెరుచుకున్న జాబితా మీదికి జరిపినా అది మూసుకుపోకూడదు, బాణాన్ని కదపకుండానే దాన్ని మూసే వీలుండాలి. చేయి వణికే పెద్దవారు 'బొమ్మలు' నుంచి వాలుగా 'బొంగరాలు' దగ్గరికి వెళ్లేలోపల జాబితా మాయమైపోవడం మీరూ చూసే ఉంటారు. క్లిక్‌తో తెరిచే పద్ధతికి మారితే ఈ బాధ ఉండదు.

ప్రశ్న: సీతమ్మధారలో పిల్లలకు సంగీతం నేర్పుతుంటాను. నా సైటు మెనూ అంతా తెలుగులోనే ఉంది. చూపు లేని నా విద్యార్థిని ఒకామె ల్యాప్‌టాప్‌లో అది తెరిస్తే ఇంగ్లీషు గొంతు ఏదేదో పలుకుతోంది, మూడు గీతల గుర్తు దగ్గర మాత్రం 'మెనూ టోగుల్' అంటోంది. ఫాంటు మార్చాలా?

జవాబు: ఫాంటుకు దీనితో సంబంధం లేదమ్మా. ప్రతి పేజీ తాను ఏ భాషలో ఉందో కోడులో ప్రకటించుకోవాలి. మీ సైటును ఇంగ్లీషు అమరికతో మొదలుపెట్టి తెలుగు అక్షరాలు నింపారు కాబట్టి అది ఇంకా ఇంగ్లీషు పేజీనని చెప్పుకుంటోంది, స్క్రీన్ రీడర్ దాన్ని నమ్మి ఇంగ్లీషు గొంతు ఎంచుకుంటోంది. వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్ విభాగానికి వెళ్లి సైటు భాషను తెలుగుగా మార్చండి. ఎన్‌వీడీఏతో ఉచితంగా వచ్చే ఈస్పీక్ గొంతులలో తెలుగు ఉంది. ఉచ్చారణ యాంత్రికంగా ఉన్నా మాట తెలుస్తుంది. 'మెనూ టోగుల్' అనేది బిల్డర్ తయారుచేసినవారు ఆ బటన్‌కు పెట్టిన పేరు. దాన్ని మార్చే గడి మెనూ విడ్జెట్ సెట్టింగులలో ఉంటే 'మెనూ' అని తెలుగులో రాయండి, లేకపోతే అనువాద ప్లగిన్ ద్వారా మార్చవచ్చు.

ప్రశ్న: అరకు వెళ్లే పర్యాటకులకు బస ఏర్పాటుచేసే చిన్న సంస్థ మాది, ఆఫీసు సిరిపురంలో ఉంది. సైట్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్న నియమాలు ప్రభుత్వ సైట్లకే వర్తిస్తాయని మా ఆడిటరు అంటున్నారు. ఇంకొకరేమో ఏటా చందా కట్టి ఒక విడ్జెట్ తగిలిస్తే అన్నీ అదే చూసుకుంటుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 46వ సెక్షను సేవలందించేవారు అందుబాటు నియమాలను పాటించాలని చెబుతూ, ప్రభుత్వమైనా ప్రైవేటైనా అని స్పష్టంగానే పేర్కొంది. ఆ చట్టం కింద 2017లో చేసిన నియమాలలో అందుబాటు ప్రమాణాల గురించిన 15వది కేవలం సూచనల స్థాయిలో ఉందని, తప్పనిసరి ప్రమాణాలను విడిగా నిర్దేశించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని పేర్కొంది. ప్రభుత్వ సైట్లకు మాత్రమే ఉద్దేశించిన మార్గదర్శకాలు వేరే ఉన్నాయి, మీ ఆడిటరుగారు బహుశా వాటిని దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు.

ఇక విడ్జెట్ సంగతి. పేజీ మూలన మనిషి బొమ్మతో కనిపించే ఆ గుర్తు అక్షరాలను పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది. ఆ పనులు బ్రౌజరు ఎలాగూ చేస్తుంది. మౌస్‌తో తప్ప తెరుచుకోని ఉపమెనూను అది నమ్మకంగా సరిచేయలేదు. తన ఉత్పత్తి ఏ వెబ్‌సైటునైనా ప్రమాణాలకు అనుగుణంగా మార్చేస్తుందని ప్రచారం చేసుకున్న యాక్సెసిబి అనే కంపెనీ 10 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. మీరు కట్టదలచిన చందా సొమ్మును రోజూ స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తికి ఫీజుగా ఇచ్చి, మెనూ తెరవడం దగ్గర నుంచి గది బుక్ చేయడం దాకా మీ ఎదుటే చేసి చూపమని అడగండి. ఆయన ఎక్కడైనా ఆగితే చేయి సాయం చేయకుండా, ఆ చోటును రాసుకుని మీ సైటు చేసిచ్చినవారికి పంపండి.