ముందు ఊయల జరుపు

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసిండు. దేవరకొండ ఇంట్ల నడిమర్ర స్లాబుకు రంగు పొలుసులు లేసి రాలుతున్నదట, దసర లోపల నువ్వే గీకి రంగేస్తనంటున్నవట. వీడియోలు చూసి బ్రష్షులు గూడ కొన్నవట. "అచ్చం నీ పోలికే అన్నా" అని నవ్విండు. నేను గూడ నవ్విన. ఫోన్ పెట్టేసినంక నిద్ర రాలే. హైదరాబాదుల ముప్పై ఏండ్లు రంగుల పని చేసిన, మన ఇంట్ల ఒక్కరు నా బ్రష్షు ముట్టలే. నువ్వు ముట్టినవంటే సంబురమే. గానీ పోయి పోయి ఆ అర్రనే పట్టుకుంటివి.

మొదలు ఊయల జరుపు. ఈ ఉత్తరం ఆడ పెట్టి అయినా సరే, పసిదాన్ని ముందటర్రల పండబెట్టి రా. తర్వాత చదువు.

రంగు ఊడిందని రంగును తిట్టకు. దాని వెనుక చెమ్మన్న ఉంటది, దుమ్మన్న ఉంటది, పాత సున్నమన్న ఉంటది. వంటింట్ల అయితే ఆవిరి పొయ్యే తొవ్వ లేక ఊడుతది. ఏదో తెల్వాలంటే రంగు ఊడిన కాడ జానెడు ప్లాస్టిక్ కవరు పెట్టి, నాలుగు దిక్కుల టేపు వేసి ఒక రోజు వదిలెయ్యి. కవరు వెనుక చెమట పడితే నీళ్లు స్లాబులకెల్లి వస్తున్నట్టు, బయటి దిక్కు పడితే అర్రల ఆవిరి.

నీది స్లాబులకెల్లే. ఎందుకంత గట్టిగ చెప్తున్ననో విను, ఇది మీ నాయనకు గూడ చెప్పలే.

1990ల మీ మేనత్త పెండ్లి. శ్రావణం. నడిమర్ర స్లాబుకు తాంబాలమంత మరక. మా బాపు "పైకెక్కి చూడురా, నీళ్లు యాడ నిలుస్తున్నయో" అన్నడు. పట్నంల బంగ్లాలకు రంగులేసి వచ్చినోన్ని, నాకు చెప్తవా అనుకున్న. పనికాడ మిగిలిన లేత నీలం ఆయిల్ పెయింటు తెచ్చి మరక మీద రెండు కోట్లు కొట్టిన. అద్దం లెక్క మెరిసింది. పెండ్లికొచ్చినోళ్లు తలెత్తి చూసి మెచ్చుకుంటుంటే మీసం తిప్పిన.

దసరకు ఆడ బూరె అంత బుడగ లేసింది. ఆయిల్ పెయింటు గోడకు ఊపిరాడనియ్యదు, పైనుంచి దిగిన నీళ్లు పొర వెనుకనే నిలిచినయి. అప్పుడన్న బుద్ధి రావాలె గదా. పిన్నీసుతోని పొడిస్తే తుప్పు నీళ్లు మోచెయ్యి దాక కారినయి. తుడిచి, ఆరిందో లేదో గూడ చూడక, మళ్ల అదే రంగేసిన.

మరుసటేడు భాద్రపదం, ముసురు పట్టింది. బర్రె ఈనేటట్టున్నదని మీ నానమ్మ అర్ధరాత్రి లేసి కొట్టంలకు పొయ్యింది. ఆమె పండుకున్న చాప మీద, సరిగ్గ దిండు ఉన్న కాడ, గంపెడు పెచ్చు పడ్డది. సప్పుడుకు నేను ఉరికొచ్చేసరికి ఆమె లాంతరు పట్టుకొని గడప కాడ నిలబడ్డది. పెచ్చు చూసింది, పైకి చూసింది, నా మొఖం చూసింది. బాపు అరుగు మీదికెల్లి "ఏందే" అని కేకేస్తే "పిల్లి కుండ దొర్లిచ్చింది" అన్నది. తెల్లారేసరికి అంతా ఎత్తి పెంటల పోసింది. మీ నాయన అప్పుడు హాస్టల్ల ఉండె. స్లాబు మీది గుంత బాపుకు కనబడకుంటదా, ఆయన గూడ ఏమనలే. తిట్టి ఉంటే బాగుండు. అమ్మ బతికినన్నాళ్లు చాప మళ్ల ఆడ పరువలే.

పొద్దుగాల పైకెక్కితే నీళ్ల గొట్టం మూతికి వేపాకు పూడుకుపొయ్యి ఉన్నది, స్లాబు మీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు. ఒక్క చేత్తోని తీసేసిన. అంతే పని.

ఆ వేపచెట్టు ఇంక ఉన్నది గదా. ముందు పైకి పో. గొట్టం తీసి చూడు, ట్యాంకు పొర్లుతున్నదా చూడు, పూలకుండీలు జరిపి కింద బీటలున్నయేమో చూడు. గొట్టం దిక్కు పదడుగులకు అంగుళం పైన వాలు ఉండాలె, లేకుంటే మేస్త్రిని పిలిచి చేయించు. బీటలు నింపినా, నీళ్లు దిగని కోటింగు వేసినా స్లాబు ఎండినంకనే. తడి మీద వేస్తే అది గూడ నా నీలం రంగు లెక్కనే అయితది.

కింద గీకే ముందు, పక్కకు నిలబడి, కట్టెతోని తట్టు. డొల్లగ మోగినా, తుప్పు మరకలు గీతలు గీతలుగ ఉన్నా అది లోపలి సలాకలు తుప్పు పట్టి ఉబ్బుతున్న గుర్తు. అది నీ పని కాదు, నా పని గూడ కాదు, మేస్త్రి పని.

గుంత చుట్టు నున్నటి నీలం పొర తగుల్తది. అది నేనేసిందే. ఆ కాలపు ఆయిల్ పెయింట్లల్ల సీసం కలిపేటోళ్లు. ఇండ్ల రంగులల్ల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లల్ల 90 పాళ్లు, దాటొద్దన్న నియమం 2017 నవంబరుల గాని అమలుకు రాలే. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు విషం. అందుకే దాన్ని పొడిగ రుద్దకు. ఫ్యాను మెయిన్ బంద్ చేసి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకొని, నీళ్లు చిలకరించి తడి గీకు. చీపురు పట్టకు, తడి గుడ్డతోని ఎత్తు. ఆ రెండు రోజులు పిల్లను అమ్మమ్మ ఇంట్ల ఉంచు. అమ్మ మీద పెచ్చు ఏసిన చెయ్యి ఇది, నా మనుమరాలి దాక రావొద్దు.

మిగతాది నీకు వీడియోలనే ఉన్నది. సున్నం చేతికి అంటితే తడిపి మొత్తం గీకాలె. ప్రైమరు, పలుచగ రెండు సార్లు లప్పం, మళ్ల ప్రైమరు, రెండు కోట్ల ఎమల్షన్. ఒక్కోటి ఆరినంకనే ఇంకోటి. లప్పం మందంగ పెడితే అదే ఊడి మీద పడ్తది.

దసరకు మాత్రం చెయ్యకు. వానలకు తాగిన స్లాబు ఇంక ఆరదు. బతుకమ్మ చూడొచ్చినోళ్లు తలెత్తి చూస్తే చూడనియ్యి, ఊడిన రంగుకు సిగ్గేంది. దీపావళి దాటినంక, ఎండలు కాసినంక మొదలుపెట్టు. మోకాళ్లు సహకరిస్తే నేనొస్త, స్టూలు పట్టుకునేతందుకన్న పనికొస్త.

నా గీకుడు రేకు సాగర్ రోడ్డు బస్సుల పంపుతున్న. చెక్క పిడి నా చేతి అంచుకు అరిగింది. నీకు పట్టు దొరకకపోతే గుడ్డ చుట్టుకో.

ఊయల జరిపినవా?

మీ పెద్దనాయన